మూత తీసిన బ్రేక్ ఆయిల్



బండి ఉన్న ఇంట్లో గానీ, మెకానిక్ షాపులో గానీ అలమారలో ఒక మూల చూడండి. సగం వాడిన బ్రేక్ ఆయిల్ డబ్బా ఒకటి కనిపిస్తుంది. అది నిరుడు తెచ్చిందో, అంతకుముందు ఏడాది తెచ్చిందో ఎవరికీ గుర్తుండదు. పారెయ్యడానికి మనసొప్పదు. ఎప్పుడైనా అక్కరకొస్తుందని అలాగే ఉంచుతాం. మూత తీసిన ఆ డబ్బా ఎన్నాళ్ళు పనికొస్తుంది, దాన్ని ఎలా దాచాలి, ఎప్పుడు వదులుకోవాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ఇంత చిన్న వస్తువు మీద ప్రసంగమా అని కొందరు అనుకోవచ్చు. మన సరిహద్దు జిల్లాల వాళ్ళ బతుకు చాలావరకు రోడ్డు మీదే నడుస్తుంది. కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, మదనపల్లె వైపు నుంచి టమాటాలు, కూరగాయలు, పూలు తెల్లవారేలోగా బెంగుళూరు చేరాలి. హొసూరు నుంచి, హిందూపురం నుంచి పనులకు వచ్చేవాళ్ళు వచ్చి పోతూ ఉండాలి. పెళ్ళికైనా, ఆస్పత్రికైనా, తిరుపతికైనా బండే దిక్కు. పైగా మన రోడ్లు చదునైనవి కావు. బెంగుళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి చిత్తూరుకు పోవాలంటే పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగాలి. చిక్కబళ్ళాపురం పక్కన నంది కొండ ఎత్తు 1,478 మీటర్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ కూడా 1,200 మీటర్లు దాటి ఉంటుంది. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డును ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. ఎక్కేటప్పుడు ఇంజను బలం చూస్తాం. దిగేటప్పుడు మన ప్రాణాలన్నీ బ్రేకు మీదే ఉంటాయి. ఆ బ్రేకు బలం కొన్ని వందల మిల్లీలీటర్ల ద్రవంలో ఉంది.

ముందుగా, ఏ బండ్లకు ఈ సంగతి వర్తిస్తుందో చెప్పుకుందాం. పెద్ద లారీలకు, పెద్ద బస్సులకు ఉండేవి గాలి బ్రేకులు. వాటి బ్రేకుల్లో పనిచేసేది ఒత్తి నింపిన గాలి. తీగతో లాగే డ్రమ్ము బ్రేకులున్న స్కూటర్లలో కూడా ఈ ద్రవం ఉండదు. కార్లు, జీపులు, 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న సరుకు బండ్లు, డిస్కు బ్రేకులున్న మోటారు సైకిళ్ళు, వీటన్నింటిలోనూ బ్రేక్ ఆయిల్ ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సి.సి. దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. దానితో డిస్కు బ్రేకు పల్లెపల్లెకూ చేరింది. ఒకప్పుడు కార్ల యజమానులు మాత్రమే పట్టించుకున్న ఈ ద్రవం ఇప్పుడు రైతు ఇంటి ముందు నిలిపిన మోటారు సైకిల్లోనూ ఉంది.

ఈ ద్రవం చేసే పని ఏమిటి? మనం కాలితో పెడల్ నొక్కుతాం. చక్రం దగ్గర బ్రేకు పట్టుకుంటుంది. మధ్యలో ఉన్నది సన్నని గొట్టంలో నిండిన ద్రవమే. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, అది అన్ని వైపులకూ సమానంగా అందుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రాన్ని పట్టుకుని అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో ద్రవంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే కారు నాలుగు చక్రాలకూ అలాంటి బ్రేకులతో వచ్చింది. మన దగ్గర 1962లో చెన్నై పాడిలో బ్రేక్స్ ఇండియా సంస్థ ఏర్పడింది. ఇదంతా ఒకే ఒక గుణం మీద నిలబడి ఉంది. ద్రవాన్ని ఎంత నొక్కినా అది దాదాపుగా కుదించుకుపోదు. గాలి, ఆవిరి అలా కాదు. నొక్కితే కుదించుకుపోతాయి.

ఇది పిల్లలకు చూపించడం చాలా తేలిక. సూది లేని కొత్త ఇంజక్షన్ సిరంజి తీసుకోండి. గాలి బుడగ లేకుండా నిండా నీళ్ళు పట్టి, మొన దగ్గర వేలు అడ్డం పెట్టి వెనుక నుంచి నొక్కండి. కదలదు. ఈసారి సగం గాలి ఉంచి నొక్కండి. సర్రున లోపలికి పోతుంది. బ్రేకు గొట్టంలో ఆవిరి చేరితే పెడల్ కూడా అలాగే సర్రున కిందికి పోతుంది. కాలు నేలను తాకుతుంది గానీ బండి ఆగదు.

మరి గొట్టంలోకి ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు ఆ ద్రవం పేరులోనే దాగి ఉంది. తెలుగువాళ్ళమూ, కన్నడంవాళ్ళూ అందరం దాన్ని "బ్రేక్ ఆయిల్" అనే అంటాం. నేనూ ఈ ప్రసంగంలో ఆ మాటే వాడుతున్నాను. కానీ అది నూనె కాదు. ఆ పేరు పాతకాలంలో కొంతవరకు నిజమే. మొదట్లో బ్రేకు ద్రవాన్ని ఆముదంలో ఆల్కహాలు కలిపి తయారు చేసేవారు. మన మెట్ట పొలాల్లో పండే ఆముదమే. ఇప్పుడు మనం కొనేది గ్లైకాల్ జాతి రసాయనాలతో చేసినది. నూనెకూ నీటికీ పొసగదని మనకు తెలుసు. నూనెలో నీటిచుక్క పడితే విడిగా అడుగున నిలిచి కనిపిస్తుంది. గ్లైకాల్ అలా కాదు. అది నీటిని పూర్తిగా తనలో కలుపుకుంటుంది. చుక్క కనిపించదు, తేట పడదు, రంగు మారదు. అంతేకాదు, నీళ్ళు పొయ్యకపోయినా గాలిలో ఉన్న తేమను తనంతట తానే పీల్చుకుంటుంది.

వానాకాలంలో ఉప్పు జాడీ మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుంది? తెల్లారేసరికి ఉప్పు చెమర్చుతుంది. వేయించిన అప్పడం గిన్నెలో వదిలేస్తే మెత్తబడుతుంది. ఆ గుణమే బ్రేక్ ఆయిల్‌కూ ఉంది. కన్నడంలో తేవ అన్నా, తెలుగులో తేమ అన్నా దానికి ఒకటే, గాలిలో ఉంటే చాలు, లాక్కుంటుంది. అయితే ఒక తేడా ఉంది. చెమర్చిన ఉప్పు చేతికి తెలుస్తుంది. మెత్తబడిన అప్పడం పంటికి తెలుస్తుంది. తేమ పీల్చిన బ్రేక్ ఆయిల్ కంటికీ తెలియదు, ముక్కుకూ తెలియదు. ఈనాటి ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటుంది. డాట్ అనేది అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు. వాళ్ళ ప్రమాణం ప్రకారం తాజా డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. దీన్ని పొడి మరుగు స్థానం అంటారు. అదే ద్రవంలో నూటికి సుమారు 3.7 పాళ్ళు నీరు చేరితే డాట్ 3 కి 140 డిగ్రీలు, డాట్ 4 కి 155 డిగ్రీలు ఉంటే చాలని ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. ఇది తడి మరుగు స్థానం. అంటే నూరు చెంచాల ద్రవంలో నాలుగు చెంచాలైనా నిండని నీరు చేరితే, మరిగే వేడి 65 నుంచి 75 డిగ్రీల దాకా పడిపోవచ్చు.

ఆ వేడి నిజంగా పుడుతుందా అని అడగవచ్చు. చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. నంది కొండ దిగడం అంటే ఇంచుమించు అంతే. ఆ దిగుడులో వెలువడే శక్తి అంతా వేడిగా మారితే దానితో దాదాపు 24 లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. ఇందులో కొంత ఇంజను, కొంత గాలి పంచుకుంటాయి. మిగిలింది అరచేతి వెడల్పున్న బ్రేకు డిస్కుల మీద, బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. వరసగా బ్రేకు తొక్కుతూ దిగితే డిస్కు వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరుతుంది. దాన్ని పట్టుకునే క్యాలిపర్ లోపల, వేలెడు దూరంలో ఈ ద్రవం ఉంటుంది. తాజా ద్రవం ఆ వేడికి తట్టుకుంటుంది. తేమ చేరిన ద్రవం మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు మనం నొక్కేది బుడగలను.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. పెడల్ మెత్తబడి భయపడిన డ్రైవరు ఎలాగో బండి ఆపుతాడు. అరగంట గడుస్తుంది. వేడి తగ్గుతుంది, ఆవిరి మళ్ళీ నీరై ద్రవంలో కలిసిపోతుంది. పెడల్ నొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ఆయన నాలుగుసార్లు తొక్కి చూసి, "బ్రేకు బాగానే ఉందన్నా, నువ్వే భయపడ్డావు" అంటాడు. చదును రోడ్డు మీద ఆ బండి నెలల తరబడి బాగానే ఆగుతుంది. మళ్ళీ ఘాటు వచ్చే దాకా లోపం బయటపడదు. కాబట్టి దిగుడులో ఒక్కసారి పెడల్ మెత్తబడి, చల్లారాక బాగుపడిందంటే దాన్ని అదృష్టం అనుకుని వదిలెయ్యకండి. ద్రవం మార్చమని బండి చెప్పిన మాట అది.

ఇక డబ్బా సంగతికి వద్దాం. మా బడిలో చదివే పిల్లవాడి తండ్రి ఒకాయన చిన్న సరుకు బండి నడుపుతాడు. ఒకరోజు ఆయనే అడిగాడు: "సార్, అర లీటరు డబ్బా తెస్తే బండికి నాలుగు గుక్కలు పట్టింది. మూడొంతులు మిగిలింది. డబ్బు పెట్టి కొన్నది, చూస్తూ చూస్తూ ఎలా పారబోసేది?" ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మూడు భాగాలుగా చెప్పుకోవాలి.

మొదటిది, సీలు తియ్యని డబ్బా. మూత కింద ఉండే రేకు సీలు చెక్కుచెదరకుండా, ఎండ తగలని చల్లని పొడిచోట ఉంటే, తయారీ కంపెనీ డబ్బా మీద వేసిన గడువు దాకా అది నమ్మదగినదే. కొనేటప్పుడే తయారీ తేదీ చూడండి. అంగడి ముందు ఎండలో వేలాడదీసిన డబ్బా, సీలు ఊడిన డబ్బా, తేదీ చెరిగిన డబ్బా వద్దనండి.

రెండోది, సీలు తీసిన డబ్బా. డబ్బా మీద ముద్రించిన గడువు సీలుతో ఉన్న డబ్బాకే వర్తిస్తుంది. సీలు తెగిన రోజుతో ఆ గడువు చెల్లిపోతుంది. ఆ తరువాత ఎన్నాళ్ళు అంటే, అన్ని డబ్బాలకూ కలిపి ఇన్ని రోజులని ఒక్క అంకె చెప్పడానికి వీలులేదు. ఎందుకో చూడండి. మూత ఒక్కసారి తీసి వెంటనే బిగించినంత మాత్రాన ద్రవం చెడిపోదు. సగం ఖాళీ అయిన అర లీటరు డబ్బాలోని గాలిలో ఉండే నీరు ఒక చుక్కలో చిన్న భాగం మాత్రమే. ఆ కాస్త తేమతో ప్రమాదమేమీ లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. పని జరుగుతుండగా మూత పక్కన పెట్టి టీ తాగడానికి పోతాం. వానరోజు గంటసేపు తెరిచే ఉంటుంది. నెలలో పదిసార్లు తీస్తాం, పదిసార్లు పెడతాం. తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది. ఒకసారి మూత వంకరగా బిగుస్తుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే నెలలు గడిచేకొద్దీ గోడల గుండా కూడా తేమ మెల్లగా లోపలికి దిగుతుంది. రేకు డబ్బాకు ఆ బాధ తక్కువ. ఇన్ని ఉన్నప్పుడు ఒక డబ్బా ఆరు నెలలు బాగుండవచ్చు, ఇంకొక డబ్బా ఆరు వారాల్లోనే చెడవచ్చు. రెండూ పక్కపక్కన పెడితే చూపుకు ఒక్కలాగే ఉంటాయి.

మూడోది, మరి ఏం చెయ్యాలి? తెరిచిన తరువాతి సంగతి డబ్బా మీద రాసి ఉంటే అదే పాటించాలి. తెరిచాక మిగిలినది వాడవద్దనే కొందరు తయారీదారులు రాస్తారు. ఏమీ రాసి లేకపోతే నేను చెప్పే పద్ధతి ఇది. ఇంట్లో వాడుకునేవాళ్ళు ఆ రోజు పనికి సరిపడే చిన్న డబ్బానే కొనండి. మోటారు సైకిలుకు వంద మిల్లీలీటర్ల డబ్బా, చిన్న బండికి పావు లీటరు డబ్బా అంగట్లో దొరుకుతున్నాయి. తెరిచాం, పని అయింది, మిగిలితే ఆ మిగిలిన దాన్ని బ్రేకులో పొయ్యడం మానెయ్యండి. షాపు నడిపేవాళ్ళు సీలు తెంపిన రోజునే డబ్బా మీద చెరగని సిరాతో తేదీ రాయండి. కొద్ది వారాల్లో ఖాళీ అయ్యే డబ్బానే తెరవండి. తేదీ లేని తెరిచిన డబ్బా దొరికితే, అది ఎవరిదైనా సరే, ఎంత నిండుగా ఉన్నా సరే, దాన్ని బ్రేకులో పొయ్యకండి. కంటికి కనిపించని లోపానికి ఆ తేదీయే కన్ను.

పదిమంది బండ్లు చూసే షాపులో ఇది ఖర్చు కాదు. ఇంట్లో మాత్రం కాస్త నష్టమే. కానీ ఆ చిన్న డబ్బా ధర, బండికి ఒకసారి పెట్రోలు పోయించే ఖర్చును మించదు. ఆదా చెయ్యడానికి ఇంట్లో వంద దారులున్నాయి. బ్రేకు దగ్గర ఆదా చెయ్యడం మాత్రం నిచ్చెన మెట్టు తీసి పొయ్యి కింద పెట్టుకోవడం లాంటిది.

దాచే పద్ధతి గురించి ఇంకా కొన్ని మాటలు. డబ్బాను నేల మీద, స్నానాల గది పక్కన, వాన జల్లు పడే వసారాలో పెట్టకండి. పొడిగా ఉండే అలమారలో, నిలువుగా, మూత బిగించి ఉంచండి. పొయ్యకముందు మూత చుట్టూ ఉన్న దుమ్మును పొడిగుడ్డతో తుడవండి. బండిలోని చిన్న రిజర్వాయరు మూత చుట్టూ కూడా అలాగే. ఒకసారి బండి నుంచి బయటికి తీసిన ద్రవాన్ని మళ్ళీ మంచి డబ్బాలో పొయ్యకండి. అది శుభ్రంగా కనిపించినా సరే.

ఇంజన్ ఆయిల్ పోసిన గరాటాతో, కిరోసిన్ కడిగిన సీసాతో బ్రేక్ ఆయిల్ పొయ్యడం తేమకన్నా పెద్ద ప్రమాదం. బ్రేకు లోపల రబ్బరు వాషర్లు ఉంటాయి. అవి గ్లైకాల్‌కు తట్టుకునే రకం రబ్బరు. ఇంజన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ తగిలితే ఉబ్బిపోతాయి. ఉబ్బిన వాషరు ఒకప్పుడు బ్రేకును వదలనివ్వదు, ఒకప్పుడు పట్టనివ్వదు. పేరులో ఆయిల్ ఉంది కదా, ఏ ఆయిల్ అయితే ఏమని పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందుకే పేరు గురించి అంతసేపు చెప్పాను.

అలాగే డాట్ అంకెలు. మీ బండి రిజర్వాయరు మూత మీద ఏ అంకె ఉందో అదే పోయించండి. డాట్ 5 అనేది సిలికోన్‌తో చేసినది. అది డాట్ 3, డాట్ 4 లతో కలవదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ జాతిదే. అంకెలు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఒకటి తీసుకోకండి.

డబ్బా చక్కగా దాచుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. బండిలో ఉన్న ద్రవం కూడా తెరిచిన డబ్బా లాంటిదే. రబ్బరు గొట్టాల గుండా, రిజర్వాయరు మూత దగ్గరి సన్నని గాలి రంధ్రం గుండా తేమ ఏళ్ళ తరబడి లోపలికి చేరుతూ ఉంటుంది. మరుగు స్థానం తగ్గడమే కాక, లోపలి ఇనుప భాగాలకు తుప్పు కూడా పడుతుంది. అందుకే చాలా కంపెనీలు బండితో ఇచ్చే పుస్తకంలో రెండేళ్ళకోసారి ద్రవం మొత్తం మార్చమని రాస్తాయి. మీ బండి పుస్తకంలో ఉన్న గడువే మీకు లెక్క. బండి తక్కువ తిరిగింది కదా అని వాయిదా వెయ్యకండి. తేమ కిలోమీటర్లు లెక్కపెట్టదు, రోజులే లెక్కపెడుతుంది. మట్టం తగ్గితే పైపైన కాస్త పోసి ఊరుకోవడం కూడా మంచిది కాదు. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, ఎక్కడో కారినా తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో చూశాకే పొయ్యాలి. కొన్ని షాపుల్లో ద్రవంలోని తేమను చూపించే చిన్న పెన్ను లాంటి పరికరం ఉంటోంది. అది ఉంటే ఒకసారి పెట్టించి చూసుకోండి.

బెంగుళూరు జె.సి. రోడ్డులోనో, మీ తాలూకా ఊళ్ళోనో పని చేయించేటప్పుడు మొహమాటపడకండి. "అన్నా, సీలు నా ముందే తెంపు" అని తెలుగులో అడగండి. కన్నడంలో అయితే "అణ్ణా, సీల్ నన్న ఎదురిగే ఓపన్ మాడి" అంటే సరిపోతుంది. మంచి మెకానిక్ ఈ మాటకు కోపగించుకోడు. తన పని తెలిసిన మనిషి వచ్చాడని సంతోషిస్తాడు.

ఇక పిల్లలున్న ఇళ్ళకు ఒక హెచ్చరిక. బ్రేక్ ఆయిల్ విషం. లేత పసుపు రంగులో, తేటగా, పానకంలా ఉంటుంది. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ళ సీసాలో ఎప్పుడూ పొయ్యకండి. దాని డబ్బాలోనే, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచండి. పొరపాటున ఎవరైనా తాగితే బలవంతంగా కక్కించవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. డబ్బాను కూడా వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరుకు ఆ పేరు తెలియడం చాలా అవసరం. కళ్ళలో పడితే పదిహేను నిమిషాలపాటు ధారగా మంచినీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి. ఇంకొకటి, బావుల్లో, తొట్లలో వేసే బ్లీచింగ్ పౌడరు పక్కన దీన్ని పెట్టకండి. రెండూ కలిస్తే మంట పుట్టే ప్రమాదం ఉంది. బండి రంగు మీద ఒలికితే ఆ రంగు లేచిపోతుంది. వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగండి. నీటిలో కలిసిపోయే గుణం ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం ఆ గుణమే మనకు మేలు చేస్తుంది.

మిగిలిన ద్రవాన్ని కాలువలో, చెరువు గట్టున, పొలంలో పారబొయ్యకండి. మూత బిగించి, "పాత బ్రేక్ ఆయిల్, వాడరాదు" అని డబ్బా మీద రాసి, వాడేసిన నూనెలు, రసాయనాలు సేకరించి పంపే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. దాన్ని పాత ఇంజన్ ఆయిల్‌లో కలపకుండా విడిగానే ఇవ్వాలి.

చివరగా దిగుడు గురించి ఒక మాట. ద్రవం ఎంత తాజాగా ఉన్నా, ఘాటులో కాలు బ్రేకు మీదే ఆనించి దిగకూడదు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ నిజమే. ఇంజను పట్టు కొంత భారం మోస్తుంది. బ్రేకు చల్లబడడానికి వ్యవధి దొరుకుతుంది. డబ్బు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే ఆ భారమంతా బ్రేకు మీదే పడుతుంది. పెడల్ మెత్తబడితే గబగబా నాలుగైదుసార్లు తొక్కి, గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు మెల్లగా లాగుతూ బండిని పక్కకు ఆపాలి. అది పూర్తిగా చల్లారాక కూడా, ఆ ఘాటును ఆ బ్రేకుతో దిగే సాహసం చెయ్యకూడదు. మెకానిక్‌ను అక్కడికే పిలిపించుకోవాలి.

ఈ ప్రసంగం ముగిశాక ఒక్క పని చెయ్యండి. మీ అలమారలో ఉన్న ఆ డబ్బాను చేతిలోకి తీసుకోండి. సీలు ఉందా చూడండి. తెరిచిన తేదీ రాసి ఉందా చూడండి. రెండూ లేకపోతే దాని మీద "వాడరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి పక్కన పెట్టండి. తరువాత బండి పుస్తకం తీసి, బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ లెక్క వాళ్ళ చేతనే చేయించండి. రేపు బండి నడపబోయేది వాళ్ళే కదా.